మోర్స్‌లో మౌనానికీ మాత్రలుంటాయి

చీకటి పడ్డాక విశాఖ బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుంటే, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలిగి ఆరుతూ కనిపిస్తుంది. పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అది మోర్స్ కోడా? ఏమని చెబుతోంది?" కురుసుర జలాంతర్గామిని చూసి బయటికొచ్చినవాళ్లకూ ఈ సందేహమే వస్తుంది. ఇంటికెళ్లి ఫోన్‌లో మోర్స్ పట్టిక వెతుకుతారు, ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఏ చుక్కలో (పొట్టి మోతలు), ఏ గీతలో (పొడుగు మోతలు) అందులో ఉంటాయి. చుక్కలూ గీతలూ బాగానే గుర్తుంటాయి కాబట్టి రెండు వారాల్లో 26 అక్షరాలూ వచ్చేస్తాయి. ఆ తర్వాత నిజమైన రేడియో రికార్డింగ్ ఒకటి పెడితే ఒక్క అక్షరమూ చేతికి చిక్కదు.

తప్పు పట్టికది కాదు, జ్ఞాపకశక్తిదీ కాదు. మోర్స్‌లో సగానికి పైగా ఉండే సరుకు పట్టికలో అచ్చు కాదు. ఆ సరుకు ఖాళీ. చుక్కకీ చుక్కకీ మధ్య, అక్షరానికీ అక్షరానికీ మధ్య, మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఏమీ వినబడదో తెలియకపోతే మిగతాదంతా తెలిసినా చదవలేం.

కొండ మీది దీపం, నీటి మీది దీపం

ముందు పిల్లల ప్రశ్నకు జవాబు. లైట్‌హౌస్ దీపం అక్షరాలు చెప్పదు. ఎన్ని సెకన్లకోసారి ఎన్ని మెరుపులు అన్నది ఒక్కో దీపస్తంభానికి ఒక్కో రకంగా పెడతారు. నావికుడు తన చార్టులో రాసి ఉన్న లెక్కతో పోల్చుకుని, ఇది ఫలానా తీరం అని గుర్తుపడతాడు.

రేవుల బయట తేలుతూ ఉండే 'సేఫ్ వాటర్' బోయాల సంగతి వేరు. వీటికి ఎరుపు తెలుపు నిలువు చారలుంటాయి, చుట్టూ లోతైన నీళ్లున్నాయని చెబుతాయి. వీటి దీపానికి అనుమతించిన లయల్లో ఒకటి, ఒక పొట్టి మెరుపు తర్వాత ఒక పొడుగు మెరుపు. అది అచ్చంగా మోర్స్‌లో 'ఏ' అక్షరం (·–).

పొగమంచులో ఓడల కూతల్లోనూ ఇదే కోడ్ దొరుకుతుంది. వేటలో ఉన్న ట్రాలర్ అయినా, సులువుగా పక్కకు తిరగలేని ఓడ అయినా, రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేయాలి. పొడుగు కూత 4 నుంచి 6 సెకన్లు, పొట్టిది సుమారు 1 సెకను. అది 'డీ' (–··). అంతర్జాతీయ సంకేతాల్లో డీకి అర్థం, నాకు దూరంగా ఉండండి, కదలడం నాకు కష్టంగా ఉంది అని. నాలుగు పొట్టి కూతలు 'హెచ్' (····). మంచులో పైలట్ బోటు (రేవులోకి ఓడలకు దారి చూపేవాణ్ని మోసుకెళ్లేది) తానెవరో చెప్పుకోడానికి వేసే కూత అది.

దీపం కావచ్చు, కూత కావచ్చు, రేడియోలో వచ్చే ఈల లాంటి మోత కావచ్చు. మోర్స్‌కి ఏ సాధనమైనా ఒకటే. ఏదో ఒకటి ఉండటం, లేకపోవడం, వాటి నిడివి ఉంటే చాలు.

నిడివి లెక్క: 1, 3, 7

పొట్టి మోతను డిట్ అనీ, పొడుగు మోతను డా అనీ అంటారు. డిట్ నిడివిని ఒక మాత్ర అనుకుందాం. అప్పుడు డా 3 మాత్రలు. ఒకే అక్షరంలోని రెండు మోతల మధ్య మౌనం 1 మాత్ర. రెండు అక్షరాల మధ్య 3. రెండు మాటల మధ్య 7. నియమాలు ఇవే.

ఈ కొలతలు మొదటి నుంచీ ఇలా లేవు. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య తీగ మీద శామ్యూల్ మోర్స్, ఆల్ఫ్రెడ్ వెయిల్ నడిపిన కోడ్‌లో కొన్ని అక్షరాల కడుపులోనే ఖాళీ ఉండేది. వాళ్ల 'ఓ' అంటే రెండు చుక్కలు, మధ్యలో కాస్త ఎడం. రెండు 'ఈ'లు పక్కపక్కన వస్తే కూడా రెండు చుక్కలే, ఎడం ఇంకాస్త ఎక్కువ. చెయ్యి తిరిగిన టెలిగ్రాఫ్ మనిషికి తప్ప ఆ తేడా తెలిసేది కాదు. 1848లో జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ గెర్కె అలాంటి అక్షరాలను మార్చేశారు. 1865లో పారిస్ టెలిగ్రాఫ్ సమావేశం ఒప్పుకున్న అంతర్జాతీయ మోర్స్ ఆ సవరణల మీద నిలబడిందే.

వేగాన్ని నిమిషానికి ఎన్ని మాటలు అని కొలుస్తారు. మాటలు పొట్టివీ పొడుగువీ ఉంటాయి కనుక 'పారిస్' అనే మాటను తూకపురాయిగా పెట్టుకున్నారు. దాని వెనక వచ్చే 7 మాత్రల ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 మాత్రలు. నిమిషానికి 12 మాటలంటే 600 మాత్రలు, అంటే డిట్ 100 మిల్లీసెకన్లు. 8 మాటలైతే 150, 20 మాటలైతే 60. సూత్రం తేలిక: 1200ని వేగంతో భాగిస్తే డిట్ నిడివి మిల్లీసెకన్లలో వస్తుంది.

మన ఊరి పేరునే తూచి చూద్దాం. 'వైజాగ్'ని ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే వీ (···–), ఐ (··), జెడ్ (––··), ఏ (·–), జీ (––·). లోపలి ఖాళీలతో కలిపి వీకి 9 మాత్రలు, ఐకి 3, జెడ్‌కి 11, ఏకి 5, జీకి 9, మొత్తం 37. అక్షరాల మధ్య నాలుగు ఖాళీలకు 12. చివర 7. వెరసి 56. ఇప్పుడు మోత వినబడే మాత్రలను మాత్రమే లెక్కపెట్టండి: 6, 2, 8, 4, 7, మొత్తం 27. మిగతా 29 మాత్రలు మౌనం. నిమిషానికి 8 మాటల వేగంలో ఈ మాట 8.4 సెకన్లు పడుతుంది. అందులో 4.35 సెకన్లు ఏమీ వినబడదు.

యమాతారాజభానసలగం

తెలుగు బడిలో ఛందస్సు చదివినవాళ్లకు ఇదంతా పూర్తిగా కొత్తేం కాదు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. డిట్, డాలతో కట్టగలిగే మూడు మోతల అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే. లఘువుని డిట్, గురువుని డా అనుకుంటే గణం గణానికీ ఒక ఇంగ్లీషు అక్షరం దొరుకుతుంది.

య గణం (·––) డబ్ల్యూ. మ గణం (–––) ఓ. త గణం (––·) జీ. ర గణం (–·–) కే. జ గణం (·–·) ఆర్. భ గణం (–··) డీ. న గణం (···) ఎస్. స గణం (··–) యూ. 'యమాతారాజభానసలగం' అని ఒక్కసారి పలికితే ఈ ఎనిమిదీ వరసగా నోటి మీదుగా దొర్లిపోతాయి.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. గురువు రెండు మాత్రలైతే డా మూడు. పద్యంలో గణం ఎక్కడ ముగుస్తుందో పాదం లెక్కే చెబుతుంది, అక్కడ ఆగాల్సిన పని లేదు. మోర్స్‌లో అక్షరానికి ఒకటి నుంచి నాలుగు మోతల దాకా ఎన్నైనా, అంకెకు ఐదు ఉంటాయి కాబట్టి ఎక్కడ ముగిసిందో మౌనమే చెప్పాలి. ఇంకో హెచ్చరిక. వింటున్నప్పుడు 'ఇది ర గణం, ర గణమంటే కే' అని రెండు మెట్లు ఎక్కడం అలవాటు చేసుకోకూడదు. కోడ్ కట్టుబడి అర్థం కావడానికి గణాలు చక్కగా పనికొస్తాయి, వేగంగా వినడానికి పనికిరావు. డా-డి-డా వినగానే పెన్ను కే రాసెయ్యాలి.

తెలుగు లిపికి అంతర్జాతీయ మోర్స్‌లో సంకేతాలు లేవు. తెలుగు మాట పంపాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లోనే పంపాలి.

ఎడం చెరిగితే మాట మారుతుంది

'అమ్మకాలు' అంటే వ్యాపారం. 'అమ్మ కాలు' అంటే అమ్మ కాలు. మధ్యలో ఒక ఎడం, అంతే తేడా. మోర్స్‌లో ఈ చిక్కు ప్రతి అక్షరం దగ్గరా పొంచి ఉంటుంది.

'వైజాగ్'లోని మొదటి రెండు అక్షరాలు, వీ, ఐ, ఎడం లేకుండా రాస్తే ···–·· వస్తుంది. ఎస్, డీ కలిపి రాసినా ···–·· వస్తుంది. ఐ, ఎల్ కలిపినా అదే. ఈ మూడూ వేరువేరని చెప్పేది మూడు మాత్రల మౌనం ఎక్కడ పడిందన్నది ఒక్కటే.

కొన్నిచోట్ల ఎడం కావాలనే తీసేస్తారు. ఆపద సంకేతం ఎస్ఓఎస్ అందుకు పెద్ద ఉదాహరణ. అది ఏ మాటలకూ పొట్టిరూపం కాదు. 1906 బెర్లిన్ ఒప్పందం ఎంచుకున్న సంకేతం, ···–––···, తొమ్మిది మోతలు ఒకే తీగ. మధ్యలో అక్షరాల ఎడం లేదు. కావాలంటే దాన్ని వీ, టీ, బీ అని కూడా విరగ్గొట్టవచ్చు, ఐ, జే, ఎస్ అనీ విరగ్గొట్టవచ్చు. గుర్తు పెట్టుకోవడానికి సులువని ఎస్ఓఎస్ అన్నారు. సందేశం అయిపోయిందని చెప్పే 'ఏఆర్' (·–·–·) కూడా ఇలా అతికించిన జంటే.

కాగితం మీద ఒక మాట విప్పడం

రికార్డింగ్‌ని ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిచి నిడివులు కొలిచామనుకుందాం. చేత్తో కొట్టిన మోర్స్ కనుక అంకెలు కచ్చితంగా ఉండవు. మిల్లీసెకన్లలో ఇలా వచ్చాయి:

మోత 110, ఖాళీ 90, మోత 290, ఖాళీ 330, మోత 90, ఖాళీ 100, మోత 310, ఖాళీ 110, మోత 100, ఖాళీ 90, మోత 95, ఖాళీ 280, మోత 120, ఖాళీ 100, మోత 300.

మోతలన్నిటినీ పక్కన పెట్టి చూస్తే రెండు గుంపులు కనిపిస్తాయి, 90 నుంచి 120 దాకా ఒకటి, 290 నుంచి 310 దాకా ఒకటి. మొదటివి డిట్లు, రెండోవి డాలు. మాత్ర సుమారు 100. ఖాళీలకూ గుంపులు కట్టాలి: 90 నుంచి 110 దాకా అక్షరం లోపలివి, 280, 330 అక్షరాల మధ్యవి. రెండు మాత్రల దగ్గర, అంటే 200 దగ్గర, గీత గీస్తే చాలు. ఫలితం ·– ఎడం ·–·· ఎడం ·–. ఏ, ఎల్, ఏ. 'అల'.

ఇదే మాటలో పంపినవాడి చెయ్యి ఎల్ మధ్యలో ఒక్క క్షణం తడబడి, డా తర్వాతి 110 మిల్లీసెకన్ల ఖాళీ 230 అయిందనుకోండి. ఎల్ రెండు ముక్కలై ఏ, ఐ అవుతుంది. ఒక్క మోత కూడా తప్పు కాకుండానే 'అల' పోయి ఏ-ఏ-ఐ-ఏ మిగులుతుంది. డీకోడింగ్‌లో తలనొప్పి ఎక్కువగా ఇలాంటిదే. అర్థం లేని అక్షరాల గుంపు వచ్చినప్పుడు మోతలను అనుమానించే ముందు 200 గీతకు దగ్గరగా ఉన్న ఖాళీలను వెతకాలి. వాటిని ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి చదివితే చాలావరకు మాట బయటపడుతుంది.

పట్టికా, చెవా?

కంటితో చదవడానికి, తీరిగ్గా కాగితం మీద విప్పడానికి పట్టిక సరిపోతుంది. దీపంతో పంపే సంకేతాలకు అంతర్జాతీయ ప్రమాణ వేగం నిమిషానికి 40 అక్షరాలు. ఒకరు పైకి చదువుతూ ఇంకొకరు రాసుకుంటే పట్టికతో మొదలుపెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లకు దాన్ని అందుకోగలరు. స్కౌట్ల ఆటలకు, పజిళ్లకు ఇంతకంటే అక్కర్లేదు.

రేడియో దగ్గర కథ మారుతుంది. పట్టికతో నేర్చుకున్నవాళ్లు విన్న మోతలను చుక్కలుగా మార్చి, చుక్కలను మనసులోని పట్టికలో వెతుకుతారు. నిమిషానికి 5 మాటల వేగంలో డిట్ 240 మిల్లీసెకన్లు, డా 720. లెక్కపెట్టే తీరిక ఉంటుంది కాబట్టి మెదడు లెక్కపెడుతుంది. వేగం 10 మాటలు దాటగానే ఆ తీరిక పోతుంది. అక్కడే నెలల తరబడి ఆగిపోయేవాళ్లు ఎందరో. నేర్చుకున్నది పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రావాల్సి వస్తుంది.

దీనికి రెండు విరుగుడులు వాడుకలో ఉన్నాయి. 1930ల్లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లుడ్విగ్ కోహ్ చెప్పిన పద్ధతిలో మొదటి రోజు నుంచే పూర్తి వేగం, కానీ రెండే అక్షరాలు. చాలా సాఫ్ట్‌వేర్లు కే, ఎమ్‌లతో మొదలుపెడతాయి. 5 నిమిషాల సాధనలో 100కి 90 సరిగ్గా రాస్తే మూడో అక్షరం కలుపుతారు, లేదంటే కలపరు. ఫార్న్స్‌వర్త్ పద్ధతిలో అక్షరం వేగంగా వినిపిస్తారు, అక్షరాల మధ్య ఎడాన్ని సాగదీస్తారు. అక్షర వేగం 20, మొత్తం వేగం 8 పెట్టామనుకోండి. డిట్ 60 మిల్లీసెకన్లే, మామూలుగా 180 ఉండాల్సిన అక్షరాల ఎడం సుమారు 890, మాటల ఎడం సుమారు 2080 అవుతుంది. అక్షరం ఒక ముక్కగా, ఒక దరువుగా చెవిలో పడుతుంది, ఆలోచించడానికి దాదాపు సెకను దొరుకుతుంది.

కోహ్ పక్షం వాళ్లు ఆ సెకనే చేటంటారు. లెక్కపెట్టే అలవాటు అందులోకి దొంగచాటుగా దూరుతుందని వాళ్ల భయం. ఫార్న్స్‌వర్త్ పక్షం వాళ్లు, 20 మాటల వేగానికి జడిసి మొదటి వారంలోనే మానేసేవాళ్లను చూపిస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్లకు అక్షర వేగం 16 నుంచి 18 మధ్య ఉంచి, కోహ్ క్రమంలో అక్షరాలు కలుపుతూ, ఎడం మాత్రం వారం వారం తగ్గించుకుంటూ రావడం మేలు. అక్షర వేగాన్ని ఆ దశలో తగ్గించకూడదు.

రోజుకు ఒక గంట ఏకబిగిన కూర్చోవడం కంటే 15 నిమిషాలు రెండుసార్లు మంచిది, అలసిన చెవి తప్పులు నేర్చుకుంటుంది. అర్థం లేని ఐదక్షరాల గుంపులతో సాధన చేస్తే ఊహించడం కుదరదు. మాటలతోనే చేస్తే వీ, ఐ వినగానే చెయ్యి తనంతట తనే 'జెడ్' రాసేస్తుంది, వచ్చింది ఎస్ అయినా సరే. పోయిన అక్షరం దగ్గర ఆగితే తర్వాతి మూడూ పోతాయి, అక్కడ ఒక గీత పెట్టి ముందుకెళ్లాలి. రాతలో పెద్దబడి అక్షరాల కోసం పెన్ను పదే పదే ఎత్తాలి. కలిపి రాసే చిన్నబడి చేతికి వేగం వస్తుంది.

ఎవరెక్కడ తడబడుతున్నారో చూస్తే వాళ్లు ఎలా నేర్చుకున్నారో చెప్పవచ్చు. ఏకీ ఎన్‌కీ (·– / –·), ఎఫ్‌కీ ఎల్‌కీ (··–· / ·–··), క్యూకీ వైకీ (––·– / –·––) మధ్య పొరపడుతున్నారంటే అది పట్టిక తెచ్చిన జబ్బు. అద్దంలో తిరగేసిన బొమ్మలు కంటిని తికమక పెడతాయి. ఎస్‌కీ హెచ్‌కీ (··· / ····), హెచ్‌కీ 5కీ (····· ), బీకీ 6కీ (–··· / –····), జేకీ 1కీ (·––– / ·––––) మధ్య పొరపడితే అది చెవి జబ్బు, దరువు ఒకటే, ఒక మోత ఎక్కువ. దీనికి మందు, ఆ రెండిటినే పూర్తి వేగంతో కలగాపులగంగా మూడు నిమిషాలు వినడం. అద్దం జంటలకు మందు వేరు: రెంటినీ ఒకేరోజు ముట్టుకోకూడదు.

పంపడం తర్వాత నేర్చుకోవచ్చు. సరైన దరువు చెవిలో నిలవకముందే కీ (మోర్స్ కొట్టే మీట) పట్టుకుంటే, సొంత చేతి వంకర దరువే చెవికి అలవాటవుతుంది. కీ పలకల మధ్య ఎడం పోస్టుకార్డు మందం ఉంటే మొదటికి చాలు.

యాప్ వినదా?

వింటుంది. పైన మిల్లీసెకన్లతో చేసిన పనినే అది క్షణంలో చేస్తుంది: మోతలకు రెండు గుంపులు, ఖాళీలకు మూడు. యంత్రం పంపిన శుభ్రమైన మోర్స్ నిమిషానికి 40 మాటల వేగంతో వచ్చినా తప్పులేకుండా చదువుతుంది. అక్కడ నేర్చుకుంటున్న చెవి దానితో పోటీపడలేదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు పట్టినప్పుడు 7 మెగాహెర్ట్జ్ బ్యాండు పెట్టి చూడండి. పిడుగుల గరగర ఖాళీల్లోకి చొచ్చుకొస్తుంది, యాప్ దాన్ని డిట్‌గా రాసుకుంటుంది. సిగ్నల్ ఒక్క క్షణం కుంగితే డా మధ్యలో తెగి రెండు డిట్లవుతుంది, టీ కాస్తా ఐ అవుతుంది. చేత్తో పంపేవాడి మాత్ర మాటకో రకంగా మారితే 200 దగ్గర గీసిన గీత చెదిరిపోతుంది. అలవాటైన చెవి 650 హెర్ట్జ్ మోతను గరగర నుంచి విడిగా వినగలదు, మాట సందర్భం నుంచి పోయిన అక్షరాన్ని పూడ్చుకోగలదు.

పాత షార్ట్‌వేవ్ సెట్టుతో ప్రయత్నించేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మామూలు ఏఎమ్ రేడియోలో మోర్స్ మోతగా వినబడదు. మోత ఉన్నప్పుడు హోరు కాస్త అణగుతుంది, లేనప్పుడు లేస్తుంది, అంతే. ఎస్ఎస్‌బీ లేదా బీఎఫ్ఓ మీట ఉన్న సెట్టు కావాలి, ఆ మీటే మోర్స్‌ని వినబడే మోతగా మారుస్తుంది.

ఇంకా ఎవరికి కావాలి?

ఇక్కడ రెండు విషయాలు తరచూ కలగాపులగం అవుతాయి. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగింది, అయితే మోర్స్ టెలిగ్రాఫ్ ఆఫీసుల నుంచి అంతకు ఎంతో ముందే టెలిప్రింటర్లకు చోటిచ్చి తప్పుకుంది. ఓడల మీద మోర్స్ వినే విధి 1999 ఫిబ్రవరి 1తో ముగిసింది, ఉపగ్రహాలూ డిజిటల్ పిలుపులూ వచ్చాయి. 2003లో అంతర్జాతీయ రేడియో సమావేశం, హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అన్న షరతును ఏ దేశానికా దేశం ఇష్టానికి వదిలింది. చాలా దేశాలు తీసేశాయి. మన దగ్గర రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అడగకుండా, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల పరీక్ష పెడుతూ వచ్చారు. లైసెన్సు లేకుండా వినడం నేర్చుకోవచ్చు కానీ గాలిలోకి పంపకూడదు.

పరీక్ష ఎత్తేయాలనేవాళ్ల వాదన బలమైనదే. సర్క్యూట్లు, యాంటెన్నాలు తెలిసిన కుర్రాళ్లు మోర్స్ గడప దగ్గర ఆగిపోతున్నారు. ఉంచాలనేవాళ్ల వాదన భౌతిక శాస్త్రం నుంచి వస్తుంది. ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో పంపే మనిషి గొంతుకు దాదాపు 2500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కి 250 హెర్ట్జ్ ఫిల్టర్ సరిపోతుంది. వెడల్పు పదో వంతైతే లోపలికొచ్చే హోరు కూడా పదో వంతే. గొంతు మునిగిపోయిన చోట కూడా 5 వాట్ల మోర్స్ తేలుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద విరుచుకుపడ్డాక కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఎన్నాళ్లు పడుకున్నాయో వైజాగ్ వాళ్లకు గుర్తే. కారు బ్యాటరీతో నడిచే చిన్న సెట్టు విలువ అలాంటి వారంలో తెలుస్తుంది.

పరీక్షకు కూర్చునేవాళ్లకు చివరి రెండు వారాల్లో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. నిమిషానికి 8 మాటలంటే 40 అక్షరాలు, దీపపు సంకేతాల వేగమే. ఎడం సాగదీయకుండా నేరుగా 8 మాటల వేగంతో పంపితే డిట్ 150 మిల్లీసెకన్లు, డా 450. అక్షర వేగం 18కి అలవాటుపడ్డ చెవికి ఇది ఈడ్చినట్టుంటుంది, కే విడిపోయి టీ, ఈ, టీ లాగా వినబడుతుంది. అప్పుడు అక్షర వేగాన్ని 18 నుంచి 14కి, 14 నుంచి 10కి, అక్కడి నుంచి 8కి రెండు మూడు రోజులకోసారి దించుకుంటూ, ఎడాన్ని కూడా దానికి తగ్గ మూడు మాత్రలకే ఉంచి వినాలి. నాలుగో మెట్టుకు వచ్చేసరికి 150 మిల్లీసెకన్ల మౌనం అక్షరం లోపలిదనీ, 450 అయితే అక్షరం ముగిసిందనీ చెవికి మళ్లీ తెలుస్తుంది.